పునీత సిప్రియన్: 250లో తప్పుకున్న బిషప్ 258లో ఎందుకు తప్పుకోలేదు?

సెప్టెంబర్16:

ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగర బిషప్ పునీత సిప్రియన్ మీద ఒక పెద్ద వ్యాసం రాస్తున్నాను. దొరికిన చిన్న జీవిత చరిత్రలన్నీ ఒకే దారిలో నడుస్తున్నాయి. కలిగిన కుటుంబం, అలంకారశాస్త్రంలో పేరున్న పండితుడు, 246 ప్రాంతంలో జ్ఞానస్నానం, రెండు మూడేళ్ళకే బిషప్, తర్వాత హింసాకాలం, చివర శిరచ్ఛేదం. మధ్యలోని చిక్కులన్నిటినీ ఒక్క వాక్యంలో దాటేస్తున్నారు. నాకు తేలనివి ఇవి.

డెసియస్ చక్రవర్తి హింస మొదలవగానే, అంటే 250 ఆరంభంలోనే, ఆయన ఊరు వదిలి దాక్కున్నారు. వలేరియన్ కాలంలో, 258లో, అదే మనిషి తన తోటలో కూర్చుని సైనికుల కోసం ఎదురుచూశారు. మొదట భయం, తర్వాత ధైర్యం అని రాసేస్తే సరిపోతుందా?

"పత్రాలు" అన్న మాట ఒకచోట ప్రభుత్వం ఇచ్చినవాటికి, ఇంకోచోట జైల్లో ఉన్న విశ్వాసులు ఇచ్చినవాటికి వాడుతున్నారు. ఎవరు ఎవరికి ఏం రాసిచ్చారు?

బలి ఇచ్చి పడిపోయినవారిని తిరిగి శ్రీసభలో చేర్చుకున్న పద్ధతి ఏమిటి? మంత్రవిద్య వదిలి క్రైస్తవుడైన సిప్రియన్ కథ కూడా ఈయనదేనా?

రాతప్రతి:

ముందు ఇద్దరు చక్రవర్తుల ఆజ్ఞల్ని పక్కపక్కన పెట్టి చూడండి. మీ మొదటి ప్రశ్నలో సగం అక్కడే తేలిపోతుంది.

249 చివర్లో డెసియస్ ఇచ్చిన ఆజ్ఞ సామ్రాజ్యంలోని జనమందరికీ వర్తించింది. అందరూ దేవతలకు బలి ఇవ్వాలి, ఇచ్చినట్టు రుజువు తీసుకోవాలి. ఆజ్ఞ మూలపాఠం మిగల్లేదు. అమలు ఎలా జరిగిందో మాత్రం ఈజిప్టులో బయటపడ్డ నలభైకి పైగా పపైరస్ పత్రాల వల్ల తెలుస్తోంది. అన్నీ 250 జూన్, జూలై నెలలవే. వాటిలో ఒకటి పెటెసూకోస్ అనే మొసలి దేవుడి పూజారిణి తీసుకున్నది. గుడి పూజారిణి కూడా పత్రం తెచ్చుకోవాల్సి వచ్చిందంటే, క్రైస్తవుల్ని మాత్రమే ఏరి పట్టే ఆజ్ఞ అది కాదని అర్థం.

పత్రంలో భాగాలు దాదాపు అన్నిటిలో ఒకే వరుసలో ఉంటాయి. మొదట, ఫలానా ఊళ్ళో బలుల పర్యవేక్షణకు ఎన్నికైనవారికి అని సంబోధన. తర్వాత అర్జీదారు పేరు, తండ్రి పేరు, ఊరు, కొన్నిటిలో వయసు, గుర్తుపట్టడానికి ఒంటిమీది మచ్చ. 1893లో మొట్టమొదట అచ్చయిన పత్రం తీసుకుంటే, అర్జీదారు ఆరేలియస్ డయోజెనెస్, వయసు 72, కుడి కనుబొమ్మ మీద మచ్చ. ఆ కింద అసలు విషయం: నేను ఎప్పుడూ దేవతలకు బలులిస్తూనే ఉన్నాను, ఇప్పుడు ఆజ్ఞ ప్రకారం మీ కళ్ళముందు బలి ఇచ్చాను, పానీయం ధారపోశాను, నైవేద్యం రుచి చూశాను, ధ్రువీకరించమని కోరుతున్నాను. చివర పర్యవేక్షకుల సంతకం, చక్రవర్తి పేరుతో తేదీ. మొదటి వాక్యాన్ని గమనించండి. "ఎప్పుడూ" అనడంతో అర్జీదారు తన గతాన్ని కూడా కాదనుకున్నట్టే. పత్రం కొని బలి తప్పించుకున్న క్రైస్తవుణ్ణి కూడా సిప్రియన్ నిర్దోషిగా ఎందుకు చూడలేదో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

కార్తేజ్ పత్రం ఒక్కటీ దొరకలేదు కాబట్టి ఈజిప్టు నమూనాని మక్కికి మక్కి అక్కడ అంటగట్టకండి. కార్తేజ్‌లో అధికారులతోపాటు ఐదుగురు నగర ప్రముఖుల్ని ఈ పనికి నియమించినట్టు సిప్రియన్ 43వ లేఖలో ఉంది. బలి జరిగిన చోటు నగరంలోని కపిటోలియం గుడి. జనం ఎంతగా ఎగబడ్డారంటే, పొద్దుపోయింది రేపు రండి అని అధికారులే వెనక్కి పంపారని ఆయన రాశారు.

ఇక తప్పుకోవడం సంగతి. కార్తేజ్ గుంపులు ఆయన్ని సింహానికి వెయ్యమని పదేపదే అరిచాయి. ఆయన ఎదురుగా ఉంటే ఆ అల్లరి ఆయన ఒక్కడితో ఆగదు, విశ్వాసులందరి మీదకీ మళ్ళుతుంది. రోము గురువర్గానికి రాసిన 20వ లేఖలో ఆయన చెప్పుకున్న కారణం ఇదే. ఊరు వదిలినందుకు ఆస్తి పోయింది. "క్రైస్తవుల బిషప్ కైసీలియస్ సిప్రియనస్ ఆస్తి ఎవరి దగ్గరైనా ఉంటే" అని మొదలయ్యే జప్తు ప్రకటనని ఆయనే ఒక లేఖలో ఎత్తిచూపారు.

తప్పుకున్న మనిషి ఏం చేశారన్నది వ్యాసంలో తప్పక రాయండి. విధవలకీ రోగులకీ పేదలకీ ఖర్చుపెట్టమని గురువు రొగాషియనస్ దగ్గర తన సొంత డబ్బు ఉంచారు, అది చాలదేమోనని ఇంకొంత పంపారు. జైల్లో ఉన్నవారి దగ్గర బలిపూజ చేసే గురువు, వెంట వెళ్ళే డీకన్ వంతులవారీగా మారుతుండాలని చెప్పారు. రోజూ కొత్త ముఖాలు కనబడితే కావలివాళ్ళకి అనుమానం తగ్గుతుంది, గుంపుగా వెళ్తే దారి పూర్తిగా మూసుకుపోతుంది. జైల్లో చనిపోయినవారి తేదీలు రాసిపెట్టమన్నారు, ఏటా వారి స్మరణ జరపడానికి. ఆ కాలంలో పంపిన లేఖల్లో 13 ఆయన రోముకి నకళ్ళుగా పంపారు, తన మీద వచ్చిన మాటకి సమాధానంగా.

ఆ మాట చిన్నదేమీ కాదు. 250 జనవరి 20న పోపు ఫాబియన్ మరణించాక బిషప్ లేని రోము గురువర్గం కార్తేజ్ గురువర్గానికి ఒక లేఖ రాసింది. మందని వదిలి పారిపోయే కూలివాడి ప్రస్తావన అందులో ఉంది. సిప్రియన్ చేతికి అది చేరింది. రాసిన తీరు, అందులోని విషయం, చివరికి కాగితం కూడా నాకు అనుమానంగా ఉన్నాయి, ఇది మీరు పంపిందేనా చూడండి అంటూ ఆ లేఖనే రోముకి తిప్పి పంపారు. అలంకారశాస్త్రం చెప్పిన మనిషి కదా, ఎక్కడ గిచ్చాలో తెలుసు.

ఆఫ్రికాసభ:

రెండో రకం పత్రాల సంగతి నేను చెబుతాను. సిప్రియన్‌కి అసలు తలనొప్పి ఇవే.

విశ్వాసాన్ని బహిరంగంగా ఒప్పుకుని జైలు పాలైనవారికి, అంటే కన్ఫెసర్లకి, సంఘంలో చాలా గౌరవం ఉండేది. పడిపోయినవారు జైలుకెళ్ళి, మా కోసం ఒక మాట రాయండి అని వేడుకునేవారు. వాళ్ళు "ఫలానావారికి శాంతి ఇవ్వండి", అంటే శ్రీసభలో తిరిగి చేర్చుకోండి, అని చీటీ రాసిచ్చేవారు. ఇది మొదట్లో పాత అలవాటే, సిప్రియన్‌కి అభ్యంతరం లేదు. చీటీలో మనిషి పేరు స్పష్టంగా ఉండాలి, ఆ మనిషి ప్రాయశ్చిత్తం దాదాపు పూర్తయి ఉండాలి, తుది నిర్ణయం బిషప్ దగ్గర జరగాలి అన్నవి ఆయన షరతులు.

చెడిపోయింది మూడు చోట్ల. ఒకటి, "ఫలానావాడు తనవాళ్ళతో సహా" అని రాయడం. తనవాళ్ళంటే ఎవరు? బంధువులు, విముక్తులైన బానిసలు, ఇంటి పనివాళ్ళు అంటూ ఒక్క చీటీ మీద ఇరవై ముప్ఫై మందిని తెచ్చి నిలబెట్టవచ్చని ఆయన 15వ లేఖలో హెచ్చరించారు. రెండు, లెక్కలేనన్ని చీటీలు. రోజూ వేల సంఖ్యలో వెళ్తున్నాయని 20వ లేఖలో వాపోయారు. లూసియన్ అనే కన్ఫెసర్ అయితే వేదసాక్షి పాలుస్ తనకి అప్పగించాడని చెప్పి, ఆయన పేరు మీద అడిగినవారికల్లా రాసిచ్చాడు. చివరికి కన్ఫెసర్లందరి తరఫున, అందరికీ శాంతి ఇచ్చేశాం అని బిషప్‌కే లేఖ పంపాడు. మూడు, కొందరు గురువులు బిషప్ కోసం ఆగకుండా ఆ చీటీలు చూసి నేరుగా దివ్యసత్ప్రసాదం ఇచ్చేయడం. ఆయనకి అన్నిటికన్నా కోపం తెప్పించింది ఈ మూడోదే.

సాధారణంగా తిరిగి చేరే క్రమం ఇది. తగినంత కాలం ప్రాయశ్చిత్తం చేయాలి. తర్వాత బహిరంగంగా పాపం ఒప్పుకోవాలి. ఆ తర్వాత బిషప్, గురువర్గం తలమీద చేతులుంచాలి. అప్పుడే దివ్యసత్ప్రసాదం. ఇందులో ఏ మెట్టూ దాటెయ్యడానికి వీల్లేదు.

250 వేసవిలో ఆయనే ఒక సడలింపు ఇచ్చారు. వేసవి రోగాలు ముదిరే కాలం, తాను ఇంకా రాలేకపోతున్నారు. కన్ఫెసర్ల చీటీ ఉన్నవారికి ప్రాణం మీదకి వస్తే, దగ్గరున్న ఏ గురువు ముందైనా, గురువు దొరక్కపోతే డీకన్ ముందైనా పాపం ఒప్పుకుని చేతులుంచడం ద్వారా శాంతి పొందవచ్చన్నారు. ఇది 18వ లేఖ. కఠినుడు అనే ముద్ర వేసేముందు దీన్ని చదవాలి.

251లో ఈస్టర్ తర్వాత తిరిగి వచ్చి ఆఫ్రికా బిషపుల సభ జరిపారు. ఆ నిర్ణయాల సారం 55వ లేఖలో ఉంది. అందరినీ ఒకే గాట కట్టకూడదని సభ తేల్చింది. పిలవకముందే గుడికి పరుగెత్తినవాడు ఒక రకం. చాలాసేపు ఎదిరించి లొంగినవాడు ఇంకో రకం. భార్యాపిల్లల్ని, ఇంటివాళ్ళని కాపాడటానికి వాళ్ళ బదులు తానొక్కడే బలి ఇచ్చినవాడు మరో రకం. చేత్తో బలి ముట్టకుండా డబ్బిచ్చి పత్రం తీసుకున్నవాళ్ళు వేరు. వాళ్ళ వాదన కూడా ఆ లేఖలోనే ఉంది: నేను క్రైస్తవుణ్ణి, బలి ఇవ్వకూడదని అధికారికి చెప్పాను, తప్పు చేయకుండా ఉండటానికే డబ్బిచ్చాను, దీనిలో దోషం ఉందని తెలియదు.

పత్రం మాత్రమే కొన్నవారిని ఒక్కొక్కరి సంగతి విచారించి వెంటనే చేర్చుకోవచ్చు. బలి ఇచ్చినవారు దీర్ఘ ప్రాయశ్చిత్తంలో ఉండాలి, మరణ సమయంలో శాంతి ఇవ్వాలి. ఆరోగ్యంగా ఉన్నంతకాలం ప్రాయశ్చిత్తం వైపు చూడకుండా, మంచాన పడ్డాక అడిగేవారికి ఇవ్వకూడదు. ఒకటి రెండేళ్ళలోనే గల్లస్ చక్రవర్తి కింద మళ్ళీ హింస వస్తుందన్న భయం కలిగింది. అప్పుడు 42 మంది బిషపుల సభ, అప్పటిదాకా ప్రాయశ్చిత్తంలో నిలిచినవారందరికీ శాంతి ఇచ్చేసింది. యుద్ధానికి పంపేవాళ్ళని నిరాయుధుల్ని చేసి పంపకూడదు అన్నది 57వ లేఖ ఇచ్చిన కారణం.

నియమం తప్పితే ఏం చేశారు? థెరాపియస్ అనే బిషప్, విక్టర్ అనే పడిపోయిన గురువుకి గడువు తీరకముందే శాంతి ఇచ్చాడు. సభ థెరాపియస్‌ని మందలించింది, విక్టర్‌కి ఇచ్చిన శాంతిని మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇవ్వగూడని సమయంలో ఇచ్చినా, బిషప్ ఇచ్చింది చెల్లుతుందని. ఈ ఒక్క తీర్పు ఆయన ఆలోచన మొత్తాన్నీ పట్టిస్తుంది.

సెప్టెంబర్16:

చాలా స్పష్టంగా ఉందండి, ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకో ముడి. ఆయన మీద తిరగబడినవారు ఒకవైపు మరీ కఠినుడివి అంటారు, ఇంకోవైపు మరీ మెతకవి అంటారు. రెండు గుంపుల పేర్లూ దగ్గరగా ఉండి కలిసిపోతున్నాయి. రోముతో జ్ఞానస్నానం తగాదా కూడా వీటిలో భాగమేనా?

ఆఫ్రికాసభ:

పేర్ల దగ్గరే అందరూ జారుతారు. ఫెలిసిస్సిమస్ కార్తేజ్ డీకన్. నొవాతస్ కార్తేజ్ గురువు. నొవాషియన్ రోము గురువు. చివరి ఇద్దర్నీ ఒకరిగా రాసిన గ్రీకు రచయితలు ఉన్నారు.

కార్తేజ్ గుంపు మూలం 250కి ముందే ఉంది. 248 చివరో 249 మొదట్లోనో సిప్రియన్‌ని జనం పట్టుబట్టి బిషప్‌ని చేశారు. జ్ఞానస్నానం పొంది రెండు మూడేళ్ళే అయిన మనిషిని తమ నెత్తిన కూర్చోబెట్టడం ఐదుగురు గురువులకి నచ్చలేదు. సిప్రియన్ దూరంగా ఉన్నప్పుడు ఇద్దరు బిషపుల్నీ ఇద్దరు గురువుల్నీ తన తరఫున పంపి, సహాయం ఎవరికి అవసరమో, గురువర్గంలోకి తీసుకోదగినవారు ఎవరో చూడమన్నారు. ఫెలిసిస్సిమస్ అడ్డం తిరిగి, ఆ సహాయం తీసుకున్నవారికి తమతో పొత్తు ఉండదని బెదిరించాడు. కష్టకాలంలో సంఘం డబ్బు ఎవరి చేతిమీదుగా వెళ్తే జనం వారివైపే చూస్తారు, తగాదా అక్కడ మొదలవడంలో వింత లేదు. పడిపోయినవారిని వెంటనే చేర్చుకోవాలన్నది వీళ్ళ పక్షం.

రోములో తలకిందులు. 251 మార్చిలో కొర్నేలి పోపుగా ఎన్నికయ్యారు. నొవాషియన్ తానే బిషప్‌నని పోటీగా అభిషేకం చేయించుకున్నాడు, పడిపోయినవారికి శ్రీసభలో మళ్ళీ శాంతి లేదన్నాడు. వింత ఏమిటంటే, కార్తేజ్‌లో మెతక పక్షంతో నడిచిన నొవాతస్ రోము వెళ్ళి ఈ కఠినుడి పక్కన చేరాడు. 252కల్లా కార్తేజ్‌లో ముగ్గురు బిషపులు: సిప్రియన్, మెతక గుంపు నిలబెట్టిన ఫార్చునాటస్, నొవాషియన్ తరఫు మాక్సిమస్. శ్రీసభ ఐక్యత మీద ఆయన రాసిన గ్రంథాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. దాని నాలుగో అధ్యాయం రెండు పాఠాలుగా దొరుకుతోంది, పేతురు ప్రాధాన్యం గురించి బలంగా చెప్పేది ఒకటి, బిషపులందరి సమానతని నొక్కేది ఇంకొకటి. రెండూ సిప్రియన్ చేతివే అన్న అభిప్రాయం ఇప్పుడు ఎక్కువమందిది. మీకు కావలసిన పాఠం ఒక్కటే ఎత్తి రాస్తే పాఠకుణ్ణి మోసం చేసినట్టు.

అదే కాలంలో అంటురోగం వచ్చింది. విరేచనాలు, గొంతులో మంట, వాంతులు, ఎర్రబడ్డ కళ్ళు, చచ్చుబడ్డ కాళ్ళుచేతులు అని లక్షణాలు ఆయనే రాశారు, అందుకే చరిత్రకారులు దానికి ఆయన పేరే పెట్టారు. విశ్వాసులకి ఎవరి స్తోమతకి తగ్గ పని వారికి పంచారని, సాయం క్రైస్తవులతోనే ఆపలేదని ఆయన డీకన్ పొంతియస్ రాసిన జీవితంలో ఉంది. కార్తేజ్‌కి పడమటనున్న నుమీడియాలో దోపిడీదారులు ఎత్తుకుపోయినవారిని విడిపించడానికి కార్తేజ్ విశ్వాసులు లక్ష సెస్టెర్సులు (రోమన్ నాణేలు) పోగుచేశారు. 62వ లేఖతో ఎనిమిది మంది బిషపులకి ఆ సొమ్ము పంపుతూ, ఇచ్చినవారి పేర్ల జాబితా కూడా జతచేశారు, వారికోసం ప్రార్థించమని.

జ్ఞానస్నానం తగాదా మరో అంకం, కానీ వేరు నొవాషియన్ చీలికలోనే ఉంది. అతని దగ్గర జ్ఞానస్నానం పొందినవాడు శ్రీసభలోకి వస్తే ఏం చేయాలి? శ్రీసభ బయట జ్ఞానస్నానమే లేదు, కాబట్టి ఇప్పుడు ఇవ్వాలి అన్నది సిప్రియన్ మాట. చేతులుంచి చేర్చుకుంటే చాలు, కొత్త పద్ధతి పెట్టవద్దు అన్నది పోపు స్తెఫాను మాట. 256 సెప్టెంబర్ 1న జరిగిన సభలో 87 ఓట్లు నమోదయ్యాయి, అన్నీ సిప్రియన్ వైపే. హాజరైనవారు మాత్రం 85 మంది, ఎందుకంటే ఓయా బిషప్ నతాలిస్ తన ఓటుతోపాటు రాలేకపోయిన ఇద్దరి ఓట్లూ వేశాడు. కప్పదోకియా నుంచి ఫిర్మిలియన్ కూడా సిప్రియన్‌ని బలపరిచాడు. కానీ తర్వాతి శ్రీసభ స్తెఫాను పద్ధతినే నిలబెట్టింది. 314లో ఆర్ల్ సభ, త్రిత్వ నామాన జ్ఞానస్నానం పొందినవారికి చేతులుంచితే చాలంది. ఈ విషయంలో సిప్రియన్ పొరబడ్డారని పునీత అగస్టీను ఒప్పుకున్నారు, ఆ భేదంతో ఆయన విడిపోలేదన్న సంగతినే, ఆఫ్రికాలో శ్రీసభ నుంచి చీలిపోయిన దొనాతిస్టుల మీద ఆయుధంగా వాడారు. పునీతుడు కదా అని ఈ భాగాన్ని కప్పిపుచ్చక్కర్లేదు.

లాటిన్‌బడి:

చివరి ఏడాది నేను రాస్తాను. ప్రశ్నలో చిన్న సవరణతో మొదలుపెడతాను: 258లో కూడా సిప్రియన్ దాక్కున్నారు. చాలామంది వదిలేసే భాగం ఇదే, మీ ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది.

వలేరియన్ మొదటి ఆజ్ఞ 257లో వచ్చింది. బిషపులు, గురువులు రోమన్ పూజావిధుల్ని పాటించాలి, క్రైస్తవులు సమావేశం కాకూడదు, సమాధి స్థలాల్లోకి వెళ్ళకూడదు. ఈసారి గురి నేరుగా గురువర్గం మీదే. ఆగస్టు 30న ప్రొకాన్సుల్, అంటే ఆఫ్రికా రోమన్ పాలకుడు, అస్పాసియస్ పాతెర్నస్ ముందు సిప్రియన్ హాజరయ్యారు. నేను క్రైస్తవుణ్ణి, బిషప్‌ని అన్నారు. నీ గురువుల పేర్లు చెప్పు అని అడిగితే, వేగులు చెప్పడాన్ని మీ చట్టమే నిషేధించింది కదా, వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో దొరుకుతారు అని చెప్పి ఒక్క పేరూ బయటపెట్టలేదు. శిక్ష కురుబిస్‌కి ప్రవాసం, అది ఇప్పటి ట్యునీషియా తీరంలోని కోర్బా.

258లో రెండో ఆజ్ఞ. దీని వివరం 80వ లేఖలో సిప్రియనే ఇచ్చారు, రోముకి మనుషుల్ని పంపి తెప్పించుకున్న కబురు అది. బిషపులు, గురువులు, డీకన్లకి వెంటనే మరణశిక్ష. సెనేటర్లు, ఉన్నత హోదావారు, అశ్వికశ్రేణివారు హోదా, ఆస్తి కోల్పోవాలి, అప్పటికీ మారకపోతే తల పోవాలి. ఆ శ్రేణుల స్త్రీలకి ఆస్తి జప్తు, ప్రవాసం. చక్రవర్తి కొలువులోని ఉద్యోగుల్ని సంకెళ్ళతో చక్రవర్తి భూముల్లో పనికి పంపాలి. ఆగస్టు 6న పోపు సిక్స్తుని సమాధి స్థలంలోనే నలుగురు డీకన్లతో చంపారన్న వార్తా ఆ లేఖలోదే.

ఇప్పుడు దాక్కున్న సంగతి. కురుబిస్ నుంచి పిలిపించి ఆయన్ని కార్తేజ్ దగ్గర ఆయన తోటలోనే ఉంచారు. కొత్త ప్రొకాన్సుల్ గలేరియస్ మాక్సిమస్ అప్పుడు ఊటికా అనే మరో నగరంలో ఉన్నాడు. తనని ఊటికా తీసుకెళ్ళడానికి మనుషులు వస్తున్నారని తెలిసి సిప్రియన్ తప్పుకున్నారు. 81వ లేఖలో కారణం రాశారు: బిషప్ తాను నడిపే సంఘం ఉన్న నగరంలోనే, తన జనం ముందే ప్రభువుని ఒప్పుకోవాలి. ప్రొకాన్సుల్ కార్తేజ్ తిరిగి రాగానే ఆయనా తోటకి తిరిగి వచ్చేశారు. 250లో ఉండటం వల్ల జనానికి కీడు, అందుకే వెళ్ళారు. 258లో గురి ఆయన మీదే, ఉండటమే జనానికి మేలు, అందుకే ఉన్నారు. భయం, ధైర్యం అనే కొలతతో ఈ రెండూ అందవు.

సెప్టెంబర్ 13న పట్టుకున్నారు. ప్రొకాన్సుల్ ఒంట్లో బాగోక సెక్స్తస్ పొలం అనే చోట ఉన్నాడు, విచారణ మర్నాటికి వాయిదా వేశాడు. ఆ రాత్రి ఒక అధికారి ఇంట్లో ఉంచారు. జనం వీధిలోనే కాపు కాశారు. ఆ గుంపులో ఉన్న కన్యల భద్రత చూడమని ఆయన లోపలినుంచి కబురు పెట్టారు. మర్నాటి విచారణ చాలా చిన్నది. దేవతలకి పూజ చేయమని చక్రవర్తులు ఆజ్ఞాపించారు అంటే, చేయను అన్నారు. ఆలోచించుకో అంటే, నీకు చెప్పిన పని నువ్వు చెయ్యి, ఇంత న్యాయమైన విషయంలో ఆలోచించేదేముంది అన్నారు. ఖడ్గంతో శిక్ష అని ఫలకం మీదినుంచి చదివారు. ఆయన జవాబు "దేవునికి కృతజ్ఞతలు".

సెక్స్తస్ పొలంలో పైవస్త్రం తీసి పరిచి మోకరించారు, దాల్మాటికా అనే అంగీని డీకన్లకి ఇచ్చి నారబట్టతో నిలబడ్డారు. శిక్ష అమలు చేసేవాడికి 25 బంగారు నాణేలు ఇమ్మన్నారు. విశ్వాసులు ఆయన ముందు గుడ్డలు పరిచారు. కళ్ళగంత తానే కట్టుకున్నారు, చేతులు మాత్రం సొంతంగా కట్టుకోలేరు కనుక ఒక గురువు, ఒక ఉపడీకన్ కట్టారు, ఇద్దరి పేరూ జూలియనే. రాత్రి కొవ్వొత్తులతో కాగడాలతో ఊరేగింపుగా మప్పాలియా దారిలోని సమాధి స్థలానికి తీసుకెళ్ళారు.

వ్యాసంలో ఈ వివరాలు వాడేటప్పుడు ఏది ఎక్కడిదో కలపకండి. ప్రశ్నోత్తరాలు, నాణేలు, గుడ్డలు విచారణ నివేదికలోవి. చెట్లెక్కి చూసిన జనం, ప్రవాసంలో వచ్చిన కల పొంతియస్ చెప్పినవి. నివేదిక పొడిగా ఉంటుంది, పొంతియస్ ది భక్తితో కూడిన స్తుతి, వాటి బరువు ఒకటి కాదు.

తేదీలు మీరే సరిచూసుకోవచ్చు. మూలంలో "అక్టోబర్ కాలెండ్స్‌కి 18వ రోజు" అని ఉంటుంది. కాలెండ్స్ అంటే నెల మొదటి రోజు, దానికి వెనక్కి లెక్కపెడతారు. ముందు నెల రోజులకి 2 కలిపి ఆ అంకె తీసెయ్యండి: 30కి 2 కలిపి 18 తీస్తే సెప్టెంబర్ 14. "సెప్టెంబర్ కాలెండ్స్‌కి 3వ రోజు" అయితే 31కి 2 కలిపి 3 తీస్తే ఆగస్టు 30. రెండు చివర్లనీ లెక్కలో కలుపుకోవడం రోమన్ల పద్ధతి, ఆ 2 అందుకే. ఒకటే కలిపి ఒక రోజు ముందు తేదీ రాసినవాళ్ళు ఉన్నారు.

రాతప్రతి:

మంత్రగాడి సంగతి మిగిలింది. అతను అంతియోకియ సిప్రియన్, యుస్తీనా కథలోనివాడు. ఈ కథకి చారిత్రక ఆధారం లేదు, 1969లో రోమన్ పంచాంగం నుంచి సెప్టెంబర్ 26 పండుగ తీసేశారు. కలిపేయడం మాత్రం ఇవాళ్టిది కాదు. నాలుగో శతాబ్దంలోనే నజియాంజు గ్రెగోరీ ప్రసంగంలోను, తర్వాత ప్రుదెంటియస్ పద్యంలోను ఇద్దరూ ఒకరైపోయారు. కాబట్టి పాత రచనలో ఉంది కదా అని ఎత్తి రాయకండి.

కార్తేజ్ సిప్రియన్ పండుగ సెప్టెంబర్ 16న ఎందుకంటే, ఆయన చనిపోయిన 14న పవిత్ర సిలువ మహోత్సవం ఉంటుంది. పోపు కొర్నేలితో కలిపి జరుపుతారు కాబట్టి ఇద్దరూ ఒకేసారి చనిపోయారని కొందరు రాస్తారు. కొర్నేలి 253లోనే ప్రవాసంలో మరణించారు.

ఇంకో గొయ్యి లేఖల సంఖ్యలు. ఈ చర్చలో మేం వాడినవి హార్టెల్ లాటిన్ ప్రతి సంఖ్యలు, అందులో మొత్తం 81. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పాత ఆంగ్ల అనువాదంలో 82, వరుస కూడా వేరు. హార్టెల్ 55 అక్కడ 51, 62 అక్కడ 59, 80 అక్కడ 81. సంఖ్య చూసి వెతికితే వేరే లేఖ తగులుతుంది. ఎవరికి రాసినదో చూసి పట్టుకోండి: 55 అంతోనియానస్‌కి, 62 నుమీడియా బిషపులకి, 80 సక్సెస్సస్‌కి. వ్యాసంలో ఏ ప్రతి సంఖ్య వాడారో మొదట్లోనే ఒకసారి చెప్పెయ్యండి.